అక్వేరియం చేపలకూ ఇంటి పిల్లలకూ ఒకే కెమెరా: డబ్బు ఎక్కడ పెట్టాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. కాకినాడలో మీ ఇంట్లో నాలుగు అడుగుల మొక్కల అక్వేరియం ఉంది. అందులో ఏంజెల్ చేపలు, నియాన్ టెట్రాలు, గప్పీలు పెంచుతున్నారు. ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలున్నారు. ఫోనుతో తీస్తే చేపలు చెదిరిపోతున్నాయి, రంగులు నీలంగా పడుతున్నాయి, అద్దంలో మీ ప్రతిబింబమే ముందుగా కనిపిస్తోంది. లక్షా ఇరవై వేల రూపాయలకు మించకుండా ఒకే కెమెరాతో చేపలనూ పిల్లలనూ చక్కగా తీయాలంటే ఏ మోడల్ కొనాలని అడిగారు.

ఒకే కెమెరాతో రెండు పనులూ నిశ్చింతగా జరుగుతాయి. అయితే ఏ మోడల్ అన్న ప్రశ్న కంటే ఆ లక్షా ఇరవై వేలను ఎలా పంచాలన్న ప్రశ్న ముఖ్యమైనది. చాలా ఏళ్లుగా అక్వేరియం చేపలను తీస్తున్న అనుభవంతో చెబుతున్నాను: మొత్తం డబ్బు కెమెరా బాడీకే పెట్టి, దానితో వచ్చిన కిట్ లెన్స్‌తో సరిపెట్టుకునేవారి ఫొటోల కంటే, మధ్యరకం బాడీ తీసుకుని మిగిలిన డబ్బుతో ఒక మంచి మ్యాక్రో లెన్స్ (చిన్న వస్తువులను అతి దగ్గర నుంచి పెద్దగా తీసేది), కెమెరా నుంచి విడిగా పెట్టి వెలిగించగల ఒక ఫ్లాష్ కొన్నవారి ఫొటోలు ఎప్పుడూ బాగుంటాయి. సగానికి కొంచెం పైన బాడీకీ కిట్ లెన్స్‌కూ, దాదాపు మూడో వంతు మ్యాక్రో లెన్స్‌కూ, మిగిలినది ఫ్లాష్, దాన్ని కెమెరా నుంచి వెలిగించే ట్రిగ్గర్, బ్యాటరీలకూ కేటాయించండి. ఈ లెన్స్, ఈ ఫ్లాష్ పిల్లల ఫొటోలకూ అంతే పనికివస్తాయి కనుక ఇందులో వృథా అయ్యేది ఏమీ లేదు.

చేపలూ పిల్లలూ కెమెరాకు పెట్టే పరీక్ష నిజానికి ఒకటే. ఇద్దరూ ఒకచోట నిలవరు, ఇద్దరూ ఉండేది తక్కువ వెలుతురులో. మన కంటికి అక్వేరియం ఎంతో వెలుగుగా కనబడుతుంది గాని, అది చుట్టూ గది చీకటిగా ఉండటం వల్ల కలిగే భ్రమ. మామూలు ఎల్‌ఈడీ లైటు ఉన్న మొక్కల తొట్టిలో, నీటి మధ్య ఎత్తున ఈదే చేపను అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ సంఖ్య పెరిగితే అది చిన్నదవుతుంది) ఎఫ్ 4 దగ్గర, సెకనులో 125వ వంతు షట్టర్‌తో తీయాలంటే సాధారణంగా ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు స్పందించే తీవ్రత) 1600 వరకూ వెళ్లవలసి వస్తుంది. ఏంజెల్ చేప నింపాదిగా కదులుతుంది కనుక ఆ వేగం దానికి చాలు. గప్పీకి 250వ వంతైనా కావాలి. రాత్రి పూట ట్యూబ్‌లైటు కింద ఆడుకునే పిల్లవాడి పరిస్థితీ దాదాపు ఇంతే. ఫోనులో చేపలు చెదరడానికి ఇదే కారణం: వెలుతురు చాలక ఫోను షట్టర్‌ను నెమ్మది చేస్తుంది, లేదా నాలుగైదు ఫొటోలను కలిపి ఒకటి చేస్తుంది. కదిలే చేప విషయంలో ఆ రెండు ఉపాయాలూ పనిచేయవు.

అందుకే సెన్సర్ (వెలుతురును పట్టి ఫొటోగా మార్చే పలక) పరిమాణం చూడాలి. మీ బడ్జెట్‌లో దొరికే మార్చుకునే లెన్స్‌ల కెమెరాల్లో ఎక్కువగా ఉండేది ఏపీఎస్-సీ సెన్సర్. దాని కొలత సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్లు, కెనాన్‌లో కొంచెం చిన్నది. జేబులో పట్టే చౌక కెమెరాల్లో, నీటిలో ముంచదగిన గట్టి కెమెరాల్లో సాధారణంగా ఉండే సెన్సర్ సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లే. విస్తీర్ణంలో మొదటిది రెండోదానికి దాదాపు 13 రెట్లు. అదే ఐఎస్ఓ దగ్గర నల్లటి నేపథ్యంలో కనిపించే ఇసుక లాంటి గరుకుదనం ఎక్కువగా ఈ తేడా వల్లనే వస్తుంది. మీ పిల్లలు ఈత కొలనులో ఆడేటప్పుడు తీయాలన్న కోరిక కూడా ఉంటే ఓఎం సిస్టమ్ టీజీ-7 వంటి కెమెరా ముచ్చటైన వస్తువే, చాలా దగ్గరి వస్తువులను అది బాగా తీస్తుంది. అయినా గదిలో, అక్వేరియం ముందు, ప్రధాన కెమెరాగా దాన్ని నేను సూచించను. అంతకంటే పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలు ఇంకా శుభ్రంగా తీస్తాయన్నది నిజమే గాని, మీ బడ్జెట్‌లో వాటిని కొంటే లెన్స్‌కూ ఫ్లాష్‌కూ ఏమీ మిగలదు.

మెగాపిక్సెళ్ల గురించి ఎవరు ఎంత ఊరించినా పట్టించుకోవద్దు. 4 × 6 అంగుళాల ఫొటో అచ్చుకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, కావలసింది 2.2 మెగాపిక్సెళ్లు. 12 × 18 అంగుళాల ఆల్బమ్ పేజీకి దాదాపు 19.5. మీ బడ్జెట్‌లో వచ్చే ఏపీఎస్-సీ కెమెరాలు చాలావరకు 20 నుంచి 26 మధ్యలో ఉన్నాయి.

ఇక మోడళ్లు. మీ అవసరాలకు నేను ముందుగా చూడమనేది నికాన్ జెడ్50 లేదా దాని తర్వాత 2024లో వచ్చిన జెడ్50 రెండో తరం, కెనాన్ ఆర్50, ఆర్10. ఈ నాలుగింటిలోనూ మనిషి కంటిని గుర్తించి ఫోకస్‌ను అక్కడే నిలిపే సౌకర్యం ఉంది. పరుగెత్తే పిల్లల విషయంలో ఇది ఎంత తేడా తెస్తుందో ఒక్క సాయంత్రం వాడితే మీకే తెలుస్తుంది. కెనాన్ ఆర్100 ధర ఆకర్షణీయంగా ఉంటుంది, కానీ దాని వెనక తెర కదలదు, తాకితే స్పందించదు. అక్వేరియం ముందు నేల మీద కూర్చుని, కింది వరుసలో తిరిగే కోరిడోరాస్ చేపలను తీయాలంటే తెరను పైకి తిప్పుకోగలగడం చాలా అవసరం. నికాన్ జెడ్30లో కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. ఎండలో పిల్లలను తీసేటప్పుడు అది లోటుగా అనిపిస్తుంది. సోనీ ఏ6400 ఫోకస్ విషయంలో నేటికీ గట్టిదే. సోనీ వైపు మొగ్గు ఉంటే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.

ఆటోఫోకస్ గురించి షాపులో చెప్పే మాటల్లో ఒకటి సరిచేయాలి. ఈ కెమెరాలు చాలావరకు మనుషులను, కుక్కలను, పిల్లులను గుర్తిస్తాయి, కొన్ని పక్షులను, వాహనాలను కూడా. చేపలను గుర్తించడానికి వీటిలో ప్రత్యేకమైన అమరిక లేదు. జంతువుల అమరికలో పెడితే పెద్ద కన్ను ఉన్న ఏంజెల్ చేపను ఒక్కోసారి పట్టుకుంటుంది, మరుక్షణం వెనకున్న ఆకు మీదకు జారిపోతుంది. చేపల కోసం ఒకే ఫోకస్ బిందువును ఎంచుకుని, దాన్ని చేప కన్ను పడే చోట పెట్టి, నిరంతర ఫోకస్‌లో తీయడమే నమ్మదగిన పద్ధతి. మ్యాక్రో దూరంలో దానికంటే మంచి పద్ధతి ఇంకొకటి ఉంది. ఫోకస్‌ను చేత్తో ఒక దూరానికి బిగించి, చేప ఆ దూరానికి వచ్చినప్పుడు నొక్కాలి. అక్వేరియం చేపలు తిరిగే దారులు చాలావరకు మారవు. కొంతసేపు కెమెరా లేకుండా చూస్తే, ఏ మొక్క చుట్టూ తిరిగి ఏ రాయి ముందుకు వస్తుందో మీకు కంఠతా వస్తుంది.

కొనే ముందు తప్పక పరిశీలించవలసిన చిన్న వివరం ఒకటుంది, దీన్ని అమ్మేవారు చెప్పరు. కెమెరా నెత్తిన ఫ్లాష్ పెట్టే హాట్‌షూ మధ్యలో ఒక గుండ్రటి లోహపు బిందువు ఉంటుంది. ఏ కంపెనీ ఫ్లాష్‌నైనా, ఏ చౌక ట్రిగ్గర్‌నైనా వెలిగించేది ఆ బిందువే. కెనాన్ 1500డీ, 3000డీ, 200డీ రెండో తరం కెమెరాల్లో కంపెనీ ఆ మధ్య బిందువును తీసేసింది. ఆర్50లో ఉన్నది కొత్త తరహా షూ. పాత పద్ధతి ఫ్లాష్ పెట్టాలంటే కెనాన్ అడాప్టర్ ఏడీ-ఈ1 విడిగా కొనాలి. వీటికి సరిపోయే ఫ్లాష్‌లూ ట్రిగ్గర్లూ లేకపోలేదు గాని, మీ మోడల్ పేరు చెప్పి, షాపులోనే పెట్టి, వెలిగించి చూసుకుని కొనండి. నేను చెప్పబోయే పద్ధతంతా ఆ విడి ఫ్లాష్ మీదే ఆధారపడి ఉంది. నికాన్, సోనీ మోడళ్లలో ఈ ఇబ్బంది లేదు.

ఇప్పుడు లెన్స్. మ్యాక్రో లెన్స్ ఎందుకు కావాలో ఒక లెక్క చూస్తే తేటపడుతుంది. కెమెరాతో వచ్చే చాలా కిట్ లెన్స్‌లు అతి దగ్గరగా వెళ్లినప్పుడు వస్తువును సెన్సర్ మీద దాని అసలు పరిమాణంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు వరకు పడేలా చేస్తాయి. నాలుగో వంతు అనుకుంటే, ఫ్రేమ్ వెడల్పులో దాదాపు 9.5 సెంటీమీటర్లు పడుతుంది. ఎదిగిన ఏంజెల్ చేపకు ఇది చక్కగా సరిపోతుంది. మూడు సెంటీమీటర్ల నియాన్ టెట్రా మాత్రం ఫ్రేమ్‌లో మూడో వంతే ఆక్రమిస్తుంది. ఫోనులో చూసుకోవడానికీ చిన్న అచ్చుకూ అదీ చాలు, కాబట్టి మొదటి రోజే మ్యాక్రో కొనలేదని దిగులు పడనక్కరలేదు. కానీ టెట్రా ఒంటి మీద నీలి చార కింద ఒక్కొక్క పొలుసు విడిగా కనబడాలన్నా, గప్పీ తోక రెక్కలో ఈనెలు లెక్కపెట్టగలిగేలా రావాలన్నా సగం పరిమాణం నుంచి పూర్తి పరిమాణం వరకూ తీయగల లెన్స్ కావాలి.

ఏపీఎస్-సీ కెమెరాకు, ఇంటి అక్వేరియానికి, 50 నుంచి 60 ఎంఎం మ్యాక్రో సరైన కొలత (ఈ ఎంఎం సంఖ్య పెరిగేకొద్దీ లెన్స్ దూరం నుంచే వస్తువును పెద్దగా చూపుతుంది). 30, 35 ఎంఎం మ్యాక్రోలతో చేప అద్దానికి దాదాపు ఆనుకుని ఉంటే తప్ప పెద్దగా రాదు. 100 ఎంఎంతో చిన్న చేపలు అద్భుతంగా వస్తాయి గాని, గదిలో పిల్లవాడిని తీయాలంటే గోడకు ఆనుకుని నిలబడాలి. నికాన్ జెడ్ వరుసలోని ఎంసీ 50 ఎంఎం ఎఫ్ 2.8 లెన్స్ పూర్తి పరిమాణం వరకు తీస్తుంది, మనుషుల ముఖచిత్రాలకు కూడా చక్కగా ఒదుగుతుంది. కెనాన్‌లోనైతే పాత ఈఎఫ్-ఎస్ 60 ఎంఎం ఎఫ్ 2.8 మ్యాక్రో వాడినది దొరికితే వదలవద్దు. పాత లెన్స్‌ను కొత్త బాడీకి తగిలించే కెనాన్ ఈఎఫ్ నుంచి ఆర్ అడాప్టర్ మీద పాత లెన్స్‌ల ఆటోఫోకస్ బాగా పనిచేస్తుంది. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద మాత్రం లెన్స్‌లోనే మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్స్‌లకే ఆటోఫోకస్ వస్తుంది, పాత ఏఎఫ్-డీ లెన్స్‌లను చేత్తో తిప్పుకోవాలి. కెనాన్ ఆర్ఎఫ్ 85 ఎంఎం ఎఫ్ 2 మ్యాక్రో సగం పరిమాణం వరకే వెళ్తుంది, అయినా ఆరుబయట పిల్లల ముఖాలను అది తీసే తీరు నాకు చాలా ఇష్టం. లోపల గది చిన్నదైతే ఇబ్బంది పెడుతుంది.

మ్యాక్రోలో అందరినీ ఇబ్బంది పెట్టేది ఫోకస్‌లో ఉండే మందం. ఏపీఎస్-సీ కెమెరాలో సగం పరిమాణం దగ్గర, ఎఫ్ 2.8 పెడితే స్పష్టంగా వచ్చే మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఎఫ్ 8 పెట్టినా అది సుమారు రెండు మిల్లీమీటర్లే. చేప కన్ను స్పష్టంగా ఉండి, మొప్ప దగ్గరే మసకబారితే ఫొటో నిలవదు. కనుక ఎఫ్ 8 నుంచి 11 వరకు వెళ్లాలి, చేప మనకు పక్కగా, అద్దానికి సమాంతరంగా ఉన్నప్పుడే నొక్కాలి. ఎఫ్ 4 నుంచి ఎఫ్ 8కి వెళితే లెన్స్‌లోకి వచ్చే వెలుతురు నాలుగో వంతుకు తగ్గుతుంది. అంతకుముందు ఐఎస్ఓ 1600తో సరిపోయినది ఇప్పుడు 6400 అడుగుతుంది. తొట్టి లైటు ఒక్కటే సరిపోని చోటు ఇదే, ఫ్లాష్ అవసరమయ్యేది ఇక్కడే.

కెమెరా మీద ఫ్లాష్ పెట్టి నేరుగా కొడితే అద్దం మీద తెల్లటి మెరుపు తప్ప ఏమీ రాదు. వచ్చినా, ఎదురుగా పడిన వెలుగులో చేప రేకులా పలచగా కనిపిస్తుంది. ఫ్లాష్‌ను కెమెరా నుంచి తీసి, తొట్టి పైన, ముందు అద్దానికి దగ్గరగా, ముఖం కిందికీ కొంచెం వెనక్కీ వంగేలా పెట్టాలి. దాని ముఖానికి పలచటి తెల్ల బట్ట గాని, ట్రేసింగ్ కాగితం గాని కట్టండి. ట్రిగ్గర్ కెమెరా మీద ఉంటుంది, దానితో పైనున్న ఫ్లాష్ వెలుగుతుంది. సూర్యుడి వెలుగు చెరువులోకి పైనుంచే కదా పడుతుంది, చేప వీపు మీద మెరుపు, పొట్ట కింద నీడ పడితేనే కంటికి సహజంగా అనిపిస్తుంది. ఐఎస్ఓ 200 లేదా 400, అపర్చర్ 8 నుంచి 11, షట్టర్ 160వ వంతు, ఫ్లాష్‌ను చేత్తో పావు శక్తికి పెట్టి మొదలుపెట్టండి. తెర మీద చూసి హెచ్చించుకోండి, తగ్గించుకోండి. తొట్టి కొలత మారదు, ఫ్లాష్ దూరం మారదు కనుక ఒకసారి కుదిరిన అమరిక మళ్లీ మళ్లీ కుదురుతుంది. పావు శక్తి దగ్గర ఫ్లాష్ వెలిగే సమయం సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ. గప్పీ తోక ఎంత వేగంగా ఆడించినా ఆ కాలంలో కదలిక కనబడదు. షట్టర్ చేయలేని పనిని ఇలా వెలుగే చేసిపెడుతుంది.

ఫ్లాష్ విషయంలో జాగ్రత్త తప్పనిసరి. నాలుగు చిన్న బ్యాటరీలతో నడిచేదే అయినా దాని లోపలి కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టుల విద్యుత్తు నిలవ ఉంటుంది. అందుచేత మూత అద్దం లేని తొట్టి మీద దాన్ని ఊరికే ఆనించవద్దు. స్టాండుకు బిగించండి, లేదా బలమైన మూత అద్దం మీద పెట్టి తాడుతో కట్టండి. పిల్లలు తొట్టి చుట్టూ తిరిగే ఇల్లు కదా, ఈ ఒక్క విషయంలో అలసత్వం వద్దు. చేపలకు హాని కలుగుతుందేమోనన్న సందేహం కూడా మీరు వెలిబుచ్చారు. చాలా చేపలకు కనురెప్పలు ఉండవు, వాటి కంటిపాప మన కంటిపాపలా వెంటనే కుంచించుకోదు. అందువల్ల చీకటిగా ఉన్న తొట్టిలో ఒక్కసారిగా ఫ్లాష్ కొడితే బెదిరి అద్దానికి గుద్దుకుంటాయి. తొట్టి లైటు కనీసం అరగంట ముందు వెలిగించి ఉంచి, ఆ వెలుతురులోనే ఫ్లాష్ వాడితే నేను చూసినంతవరకు అవి పట్టించుకోవు. గుడ్లకు కాపలా కాస్తున్న ఏంజెల్ జంటను మాత్రం ఫ్లాష్ లేకుండా తీయండి.

ఫ్లాష్ లేకుండా తీసేటప్పుడు మరో చిక్కు వస్తుంది. ఫొటోలో అడ్డంగా నల్లటి చారలు పడతాయి, చాలామంది కెమెరా పాడైందనుకుంటారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కనుక కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. వెలుగు తగ్గించే మీట ఉన్న అక్వేరియం ఎల్‌ఈడీల్లో ఈ మినుకు ఇంకా వేగంగా ఉండవచ్చు. శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌లో చారలు మరీ ఎక్కువ. ఎలక్ట్రానిక్ షట్టర్‌ను వదిలి మామూలు షట్టర్‌కు మారండి, లైటును పూర్తి వెలుగులో పెట్టండి, షట్టర్‌ను 100వ వంతుకు దింపి చూడండి. చాలావరకు పోతాయి.

అద్దం గురించి. లెన్స్ ఎప్పుడూ అద్దానికి లంబంగా ఉండాలి. నీటికీ అద్దానికీ గాలికీ కాంతిని వంచే గుణం వేరువేరు కనుక, ఏటవాలుగా తీస్తే చేప అంచున రంగు చారలు వస్తాయి, స్పష్టత పోతుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దీన్ని సరిచేయలేదు. అద్దానికి 40 సెంటీమీటర్ల వెనక ఉన్న చేప కెమెరాకు అద్దం నుంచి దాదాపు 30 సెంటీమీటర్ల వెనకే ఉన్నట్టు కనబడుతుంది. చేత్తో ఫోకస్ బిగించేటప్పుడు స్కేలుతో కొలవకుండా తెరలో చూసే బిగించాలని చెప్పడానికి ఇది గుర్తుచేశాను. ప్రతిబింబాలకు మందు సులభం: గదిలో లైట్లన్నీ ఆపి, కిటికీ తెర వేసి, ముదురు రంగు చొక్కా వేసుకోండి. లెన్స్ చివర మెత్తటి రబ్బరు హుడ్ తగిలించి దాన్ని అద్దానికి ఆనిస్తే ప్రతిబింబం దారే మూసుకుపోతుంది, చేతి వణుకూ తగ్గుతుంది. ముందురోజు నీరు మార్చి, అద్దం లోపలి నాచు గీకి, తీసే రోజు బయటివైపు తుడవండి. మేత వేసిన వెంటనే తీయవద్దు, పొడి నీటంతా తేలుతుంది, ఫ్లాష్ వెలుగులో ఒక్కొక్క రేణువూ చుక్కలా మెరుస్తుంది. ఫిల్టర్‌ను పది నిమిషాలు ఆపితే రేణువులు కిందికి దిగుతాయి. మళ్లీ వేయడం గుర్తుండేలా ఫోనులో అలారం పెట్టుకోండి.

రంగులు నీలంగా రావడానికి కారణం కెమెరా తనంతట తాను తెలుపును తప్పుగా అంచనా వేయడమే. శుభ్రంగా కడిగిన తెల్లటి ప్లాస్టిక్ చెంచా ఒకటి తొట్టిలో, చేపలు తిరిగే లోతులో పట్టుకుని, ఫ్రేమ్ నిండా దాన్ని తీసి, ఆ ఫొటోనే కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌గా ఎంచుకోండి. అద్దంలోని పచ్చదనం, లైటులోని నీలం రెండూ ఒకేసారి సర్దుకుంటాయి. ఫ్లాష్ వాడేటప్పుడు ఫ్లాష్ గుర్తు ఉన్న వైట్ బ్యాలెన్స్ చాలు. ఏదైనా రా (RAW, కెమెరా దిద్దని ముడి) ఫైల్‌గా తీసుకుంటే తర్వాత కంప్యూటర్‌లో దిద్దుకోవడానికి వీలుంటుంది.

కుటుంబ ఫొటోలకు వస్తే, అదే ఫ్లాష్‌ను కెమెరా మీద పెట్టి, దాని తలను పైకి తిప్పి, తెల్లటి సీలింగ్ మీదకు కొట్టండి. గదంతా మెత్తటి వెలుగు పరుచుకుంటుంది. పుట్టినరోజు కేకు చుట్టూ పదిమంది నిలబడినా అందరి ముఖాలూ సమంగా వస్తాయి, గోడ మీద నల్లటి నీడలు పడవు. కాబట్టి తల తిరిగే ఫ్లాష్‌నే కొనండి. కెమెరాలో ఇమిడి ఉండే చిన్న ఫ్లాష్ ఈ పని చేయలేదు. గుంపు ఫొటోకు ఎఫ్ 5.6 పెట్టండి, వెనక వరుస కూడా స్పష్టంగా ఉంటుంది. దీపాల వెలుగులో దీపావళి రాత్రి గాని, నిద్రపోతున్న బిడ్డను గాని ఫ్లాష్ లేకుండా తీయాలనిపించినప్పుడు వెలుతురును ఎక్కువ రాబట్టే లెన్స్ ఒకటి కావాలి. కిట్ లెన్స్ జూమ్ చేసిన చివర ఎఫ్ 6.3 అయితే, ఎఫ్ 1.8 లెన్స్ దానికంటే 12 రెట్లు వెలుతురు తీసుకుంటుంది. కెనాన్ ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 1.8 అందుబాటు ధరలో ఉంటుంది, ముఖాలకు చక్కనిది, గదిలో కొంచెం ఇరుకు. నికాన్ డీఎక్స్ 24 ఎంఎం ఎఫ్ 1.7 గది లోపల హాయిగా ఉంటుంది. ఇది మొదట్లోనే అక్కరలేదు, ఏడాది తర్వాత మీకు ఏ లోటు కనబడుతుందో చూసి కొనండి. వీడియో మీరు చెప్పిన అవసరాలకు ఈ కెమెరాలన్నిటిలోనూ సరిపోతుంది, దాని గురించి ఎక్కువ ఆలోచించవద్దు.

వాడిన వస్తువులు కొనడానికి వెనకాడవద్దు, ముఖ్యంగా లెన్స్‌లు. హైదరాబాద్ వచ్చినప్పుడు కోఠీలో గుజరాతీ గల్లీ దుకాణాలు చూడవచ్చు. లెన్స్‌ను వెనకవైపు నుంచి ఫోను టార్చి వేసి, ముందు నుంచి లోపలికి చూడండి. సాలెగూడులా సన్నటి పోగులు కనబడితే అది ఫంగస్. ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. అపర్చర్ రేకులకు నూనె అంటిందేమో, ఫోకస్ చివరి నుంచి చివరి వరకు తిరుగుతుందో లేదో చూడండి. పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరా) ఎవరైనా తక్కువ ధరకు ఇస్తామంటే మంచి మ్యాక్రో లెన్స్ కూడా కలిసి వస్తేనే ఆలోచించండి. కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్‌లు తెచ్చినది దాదాపు ఏమీ లేదు. కొత్త లెన్స్‌లన్నీ ఆ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపే వస్తున్నాయి.

కాకినాడ అని రాశారు కనుక ఫంగస్ గురించి ఇంకొంత. సముద్రపు తేమ ఉన్న ఊళ్లలో, అందులోనూ పెద్ద అక్వేరియం ఉన్న గదిలో, కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం కంటే చెడ్డ పద్ధతి లేదు. తోలు, గుడ్డ తేమను పట్టి ఉంచుతాయి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు, తేమను చూపే చిన్న మీటరు ఒకటి పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్యలో ఉండేలా చూసుకోండి. జెల్ రంగు మారినప్పుడు దాన్ని వేడి చేసి మళ్లీ వాడవచ్చు. ఆ డబ్బాను అక్వేరియం ఉన్న గదిలో కాకుండా వేరే గదిలో ఉంచండి. వానాకాలంలో వారానికి ఒకసారైనా కెమెరా తీసి నాలుగు ఫొటోలు తీస్తూ ఉండండి. వెలుతురు తగలకుండా, కదలకుండా పడి ఉన్న లెన్స్‌లోనే ఫంగస్ ముందుగా మొలుస్తుంది.